గుమ్మం ముందు పిడికెడు బియ్యం

ఆ పోస్టు బయటికి వెళ్ళకముందే నేను చూశాను. అందులో ఒక తప్పుంది. గదిలో ఉన్న ఇద్దరిలో అది తప్పని తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. అయినా "బాగుందండి" అన్నాను. ఈ సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. ఆ రోజు డైరీ పేజీలో కూడా "సాయంత్రం మేడ మీద టీ. ఉక్క. వాన వచ్చేలా ఉంది" అని మాత్రమే ఉంది.

మా ఇల్లు తాడేపల్లిగూడెంలో, రైలు కూత వినబడేంత దగ్గరలో. అమ్మ బళ్ళో టీచరు. నాన్న జంగారెడ్డిగూడెం వైపు పామాయిల్ తోటల పని చూసుకుంటూ ఆదివారాలకు ఇంటికొస్తాడు. నేను రోజూ పొద్దున్న పాసింజరులో ఏలూరు వెళ్ళి, ఒక ప్రైవేటు కాలేజీ లైబ్రరీలో పుస్తకాలకు నంబర్లు వేసి సాయంత్రం తిరిగొస్తాను. ఎవరితోనూ ఎక్కువ మాట్లాడను. లైబ్రరీలో అది లోపం కాదు, అర్హత.

మేడ మీది గది ఇంజనీరింగ్ చదివే అమ్మాయిలకు అద్దెకిస్తాం. రెండేళ్ళ కిందట అందులో వేరే దేశం నుంచి వచ్చిన అమ్మాయి దిగింది. ఆ దేశం పేరు ఇక్కడ రాయను. నాకంటే మూడేళ్ళు చిన్నది. వాళ్ళూ అన్నమే తింటారని తెలిశాక అమ్మకు సగం బెంగ తీరింది. ఆ అమ్మాయి తెలుగు అమ్మ దగ్గరే నేర్చుకుంది. అమ్మ ప్రతి మాటకీ అండి చేరుస్తుంది కాబట్టి, అది లేకపోతే మాట పూర్తి కాదనుకుంది.

"ఆంటీగారండి, కుక్కగారు మెట్ల మీద పడుకున్నారండి. నాకు దారి లేదండి."

"కుక్కకి గారెందుకమ్మా! పో అను, అదే పోద్ది."

"పో అండి," అంది కుక్కతో. అది లేచి వెళ్ళిపోయింది. "చూశారా ఆంటీ? అండి అంటేనే వెళ్ళింది."

మేమిద్దరం మాత్రం ఇంగ్లీషులో మాట్లాడుకునేవాళ్ళం. నాకు చదవడం వచ్చినంత బాగా మాట్లాడటం రాదు. ఇంగ్లీషులో నువ్వుకీ మీరుకీ తేడా లేదు. ఇప్పుడు తెలుగులో రాస్తుంటే, ఇన్నాళ్ళూ తనను ఏమని పిలిచానో తేల్చుకోవలసి వస్తోంది. మనసులో మీరు అనే అనుకున్నట్టున్నాను. అలాగే రాస్తాను.

ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చాక, డాబా మీద ఎండబెట్టిన మిరపకాయలు తిరగేయడానికి వెళ్ళాను. తను గోడ నీడలో కూర్చుని ఉంది. ముందు రెండు ఫోన్లు. ఒకదాంట్లో ఏదో రాసి పంపింది. నిమిషం తిరక్కుండా రెండోది మోగింది. చూసి ఫక్కున నవ్వింది, వెంటనే నవ్వు ఆపేసింది. నేను అడగలేదు. అడగనని తెలిసే కాబోలు, ఆ ఫోను నా వైపు తిప్పింది.

అది వాళ్ళ చెల్లెలు పంపిన మెసేజి. నాకు ఇంగ్లీషులో చదివి చెప్పింది. "అక్కా, ఇది చదివావా? ఎవరు రాస్తున్నారో తెలియదు గానీ మన మనసులో మాటే రాస్తున్నారు." కింద ఒక లింకు. అందులో ఉన్నది నిమిషం కిందట మొదటి ఫోన్లోంచి తను పంపిందే.

"మీ చెల్లికి కూడా తెలియదా?"

"తెలియకూడదు. ఎవరైనా అడిగితే తనకి అబద్ధం చెప్పడం చేతకాదు. మొహం మీదే తెలిసిపోతుంది."

వాళ్ళ దేశంలో ఎన్నికలు రెండోసారి వాయిదా వేశారు. తేదీ ప్రకటించమని జనాన్ని కదిలించే ఒక పేజీని బయటి దేశాల్లో ఉన్న నలుగురు నడుపుతున్నారు. ఒకరు చలి దేశంలో నర్సు. ఒకరు ఎడారి దేశంలో హోటల్లో పని చేస్తారు. మూడోవారు ఎక్కడుంటారో తనకే తెలియదు. నాలుగోది మా మేడ మీది అమ్మాయి. నలుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

టీవీలో "విదేశాల్లో కూర్చుని రెచ్చగొడుతున్నారు" అన్న మాట విన్నప్పుడల్లా నాకు అద్దాల మేడలు, సూట్లు వేసుకున్న మనుషులు కళ్ళముందుకు వచ్చేవారు. వాళ్ళ మంత్రి ఒకాయన కూడా "పరాయి దేశంలో సుఖంగా కూర్చున్న కొందరు" అన్నాడట. ఆ పరాయి దేశం మా డాబా. ఆ సుఖం కరెంటు ఉన్నంతసేపే తిరిగే ఫ్యాను. ఇది డైరీలో రాసుకుని, ఆ పేజీ మడిచి పెట్టాను.

ఆ తరువాత నాకు ఆ దేశం మీద విపరీతమైన కుతూహలం పట్టుకుంది. లైబ్రరీ అట్లాసులో వెతికితే దాని పాత పేరు దొరికింది. రాజధాని నగరం చుక్క మీద నా చిటికెన వేలి గోరు పెడితే చుక్క కనబడలేదు. ఆ చుక్కలో వాళ్ళ నాన్న, చెల్లెలు ఉంటారు. పక్కింటావిడతో నీళ్ళ మోటారు ఆపమని చెప్పాలంటేనే నేను పావుగంట సేపు మాటలు కూడగట్టుకుంటాను. ఈ అమ్మాయి ఊరు కాని ఊళ్ళో కూర్చుని వేలమందిని వీధిలోకి రమ్మని ఎలా అనగలుగుతోంది? ఒకరోజు అడిగేశాను.

"ఎదురుగా ఉంటే నేనూ అనలేను," అంది. "మీరు చాలా మంచి ప్రశ్న అడిగారు. నాకు ఇవాళ నిద్ర పట్టదు."

అంతకుముందు నెల వాళ్ళు ఒక చౌరస్తాలో కూడమని పిలుపిచ్చారు. జనం వచ్చారు. లాఠీలు కూడా వచ్చాయి. ఇంటికి తిరిగి రాని పిల్లల కోసం తల్లులు ఆసుపత్రుల చుట్టూ తిరిగిన ఫోటోలు వచ్చాయి. మళ్ళీ పిలిస్తే ఎవరూ రారని నలుగురికీ తెలుసు. పిలవడం న్యాయమా అన్నది తనకు అనుమానం.

ఒక ఉక్క సాయంత్రం మేడ మీది గదిలో టీ తాగుతూ అడిగింది. "మీ వైపు ఆడవాళ్ళు ఇల్లు కదలకుండా, అందరూ కలిసి చేసేది ఏదైనా ఉందా?"

నాకు మా అమ్మమ్మ గుర్తొచ్చింది. అమ్మమ్మది కొల్లేటి లంక గ్రామం. వాళ్ళ చర్చిలో పిడికెడు బియ్యం అని ఒక పద్ధతి ఉంది. ఆడవాళ్ళు వంటకు బియ్యం కొలుచుకోగానే, కడగకముందే, అందులోంచి ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేస్తారు. శనివారం స్త్రీల సమాజం నుంచి ఒకావిడ వస్తే గుమ్మం దగ్గర ఇచ్చేస్తారు. అవన్నీ కలిపి ఆ వారం ఇల్లు గడవనివాళ్ళకి పంచుతారు. ఇదంతా నాకు వచ్చిన ఇంగ్లీషులో చెప్పాను. అంత ఎక్కువసేపు నేను ఎవరితోనూ ఒక్క గుక్కలో మాట్లాడి ఎరగను.

తను కప్పు కింద పెట్టేసింది. "గుమ్మం దగ్గరేనా?"

"అవునండి, గుమ్మం దగ్గరే."

అరగంటలో బొమ్మ వేసింది. ఒక గడప, దాని ముందు చిన్న ముగ్గులా పోసిన బియ్యం. కింద వాళ్ళ భాషలో రెండు వాక్యాలు రాసి నాకు ఇంగ్లీషులో చదివి వినిపించింది. ఎన్నికల తేదీ చెప్పేదాకా రోజూ వంటకు ముందు ఒక పిడికెడు బియ్యం మీ గుమ్మం ముందు పెట్టండి. అడిగితే పిట్టలకని చెప్పండి.

మా వాళ్ళు గుమ్మం ముందు పెట్టరు. డబ్బా ఇంట్లోనే ఉంటుంది. ఆవిడ సంచి పట్టుకుని వస్తే అందులో వంపుతారు. చెబుదామని నోరు తెరిచాను. కానీ బొమ్మ చాలా బాగుంది. నేను చెప్పిన ఒక మాట ఇంకొకరికి అంతగా నచ్చడం నాకు అదే మొదలు. ఆ కాస్త తేడా ఎత్తి చూపిస్తే మొత్తానికే వద్దనుకుంటుందేమో అని భయం కూడా వేసింది. బాగుందండి అన్నాను. తను పంపేసింది.

మూడు రోజులు నేను రైల్లో కిటికీ బయటికి చూడలేదు. ఫోనులో గుమ్మాలే చూశాను. ఎర్ర సిమెంటు గడపలు, చెక్క గడపలు, అపార్టుమెంటు తలుపులు. ఒకచోట అరిటాకు ముక్కలో బియ్యం. ఒకచోట ముసలి చెయ్యి, పిడికిలి ఇంకా పూర్తిగా విప్పలేదు. మా అమ్మమ్మ వంటింటి అలవాటు అన్ని సముద్రాలు దాటి వాళ్ళ వాకిళ్ళలోకి వెళ్ళింది. అది ఎవరికైనా చెప్పుకోవాలని ప్రాణం కొట్టుకుపోయింది. చెప్పుకోలేదు.

నాలుగో రోజు యూనిఫారం వేసుకున్నవాళ్ళు వీధి వీధీ తిరిగి బియ్యం ఉన్న గుమ్మాలకు ఫోటోలు తీసుకున్నారు.

కోళ్ళు తిరిగే పేద వీధుల్లో వాళ్ళకేమీ దొరకలేదట. పెట్టిన గంటలోనే కోళ్ళు గింజ మిగల్చకుండా తినేశాయి. శుభ్రమైన వీధుల్లో దొరికింది. వాళ్ళ చెల్లెలైతే చీమలు పట్టకుండా గాజు సాసర్లో పోసి, దాన్ని ఇంకో పళ్ళెంలో నీళ్ళు పోసి అందులో పెట్టింది. ఆ అమ్మాయి ఏ పనైనా అంత పద్ధతిగా చేస్తుందట. శుక్రవారం మధ్యాహ్నం వచ్చి, రెండు ప్రశ్నలు అడిగి పంపిస్తామని తీసుకెళ్ళారు. సాయంత్రమైనా పంపలేదు. ఆ సంగతి మేడ మీది అమ్మాయి నాకు రైల్లో ఉండగానే మెసేజి పెట్టింది.

నేను ఏలూరు నుంచి వచ్చేసరికి మేడ మెట్ల మీద కూర్చుని ఉంది. అమ్మ పెరుగన్నం గిన్నె పట్టుకుని ఎదురుగా నిలబడి ఉంది.

"మధ్యాహ్నం నించీ ఏవీ తినలేదే ఈ పిల్ల. ఏవమ్మా, పరీక్ష గానీ పోయిందా?"

తను తలెత్తి తెలుగులో అంది. "పరీక్ష కాదండి. చెల్లి పోయిందండి."

గిన్నె అమ్మ చేతిలోంచి జారి మెట్టు మీద పడింది. "అయ్యో తల్లీ! ప్రభువా! ఎప్పుడమ్మా? ఎలాగమ్మా?" అంటూ అమ్మ తనని పట్టుకుని ఏడవడం మొదలెట్టింది. అమ్మ ఎందుకు ఏడుస్తోందో తెలియక, ఏడుస్తున్నారు కాబట్టి ఇంకేదో వార్త వచ్చిందేమోనని తను ఫోను కోసం తడుముకుంది. నేను మధ్యలో దూరాను.

"పోలేదమ్మా! తీసుకెళ్ళారు. పోలీసులు."

"పోలీసులా? ఏం చేసిందే?"

"గుమ్మం ముందు బియ్యం పెట్టింది."

అమ్మ కళ్ళు తుడుచుకుని నా వైపు చూసింది. "బియ్యం పెడితే పోలీసులెందుకొస్తారే?"

నా దగ్గర జవాబు ఉంది. చీపురు తెచ్చి మెట్ల మీద అన్నం ఎత్తాను.

శనివారం మాకు ఒంటిపూట. ఏలూరులో అమ్మమ్మ ఊరి బస్సెక్కాను. చేపల చెరువుల గట్ల మీద గూడబాతులు బరువుగా లేచి మళ్ళీ అక్కడే దిగుతున్నాయి. అమ్మమ్మ వంటింట్లో చేటలో బియ్యం చెరుగుతోంది.

"చెప్పాపెట్టకుండా వచ్చేసేవేంటే? మీ అమ్మతో గొడవా?"

"కాదులే. అమ్మమ్మా, పిడికెడు బియ్యం సంచిలోనే ఎందుకు పోస్తారు? గుమ్మం ముందు పెడితే వాళ్ళే ఎత్తుకెళ్ళచ్చు కదా?"

"గుమ్మం ముందా? ఎవరికి, కోళ్ళకా?"

మేడ మీది అమ్మాయి సంగతి, తను రాసే సంగతి, చెల్లెలి సంగతి చెప్పాను. ఎవరు నేర్పారన్నది చెప్పలేదు. అమ్మమ్మ చేట పక్కన పెట్టింది.

"అయితే ఆ పిల్ల ఇక్కడుండి, అక్కడోళ్ళని పెట్టమందా?"

"ఆఁ."

"ఇక్కడ మీ గుమ్మం ముందు పెట్టిందా తను?"

నేను అది ఎప్పుడూ ఆలోచించలేదు. "లేదు," అన్నాను.

"మరి!" అంది. చేట మళ్ళీ దగ్గరికి లాక్కుని మట్టిబెడ్డలు ఏరుతూ తనే మొదలెట్టింది. "చూడు, మా సంచి మూతి ఇంతే కుడతాం. డబ్బా, చెయ్యి పట్టేంత. ఎందుకనుకున్నావ్? డబ్బా లోపల పెట్టి వంచాలి. ఎంత పోసిందో పక్కావిడకి కనబడకూడదు. మీ తాత మంచాన పడ్డ ఏడు మూడు నెలలు నా డబ్బాలో గింజ లేదే. సంచి వచ్చినప్పుడల్లా ఖాళీ డబ్బా లోపలికెట్టి వంచేదాన్ని. పోసినట్టే ఉండేది. సంచి పట్టుకున్నావిడకి తెలిసే ఉంటది. ఒక్కరోజు మొహం మార్చలేదు. పైగా ఆ వారం పంపకంలో మా ఇంటికే ముందొచ్చేది. సంచి లేకపోతే ఈ ఊళ్ళో నేను తల ఎత్తుకు తిరిగేదాన్నా?"

మా అమ్మకు కూడా ఇది తెలియదనుకుంటాను.

"ఆ పిల్లకి చెప్పు," అంది నేను బస్సెక్కేముందు. "పద్ధతి చెప్పినోళ్ళెవరో సగమే చెప్పేరని చెప్పు."

ఇంటికొచ్చేసరికి తను డాబా మీద అటూ ఇటూ తిరుగుతూ ఫోనులో వాదిస్తోంది. నన్ను చూసి ఆపింది. మిగతా ముగ్గురూ చెల్లెలి ఫోటో పేజీలో పెట్టాలంటున్నారట. పంతొమ్మిదేళ్ళ అమ్మాయి, సాసర్లో బియ్యం. లోకమంతా చూస్తుంది, చూస్తే వాళ్ళు ఏమీ చేయలేరు, వదిలేస్తారు. అది నర్సు మాట. నిజం కావచ్చు. ఫోటో వస్తే ఇక ఎప్పటికీ వదలరు, చదువు కూడా ఉండదు. అది వాళ్ళ నాన్న మాట. అదీ నిజం కావచ్చు.

"వేరేవాళ్ళ చెల్లెలైతే నేను ఈపాటికి పెట్టేసేదాన్ని," అంది. "పోయిన నెల పెట్టాను కూడా. ఆ తల్లుల ఫోటోలు. ఎవర్నీ అడగలేదు. మీరైతే ఏం చేస్తారు?"

నన్ను అలాంటివి ఎవరూ అడగరు.

"మీ నాన్నగారు అక్కడున్నారు," అన్నాను. "తలుపు కొడితే తీయాల్సింది ఆయన."

తను గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది. ఫోటో పెట్టలేదు. ముగ్గురిలో ఎడారి దేశంలోని వ్యక్తి "నీకు నీ చెల్లెలే ఎక్కువైంది" అని రాసి వాళ్ళ గ్రూపులోంచి బయటికి వెళ్ళిపోయాడు.

అప్పుడు సంచి గురించి చెప్పాను. మూతి చిన్నగా కుట్టడం, ఖాళీ డబ్బా వంచడం, అన్నీ. "మా అమ్మమ్మ ఇవాళే చెప్పింది," అన్నాను. అది సగం నిజం. తను కళ్ళు మూసుకుని విన్నది.

"అంటే మీ దగ్గర గుమ్మం ముందు పెట్టరా?"

"పెట్టరట."

అట. రెండక్షరాల మాట. దాని వెనక నేను దాక్కున్నాను.

కొత్త పోస్టుకు బొమ్మ లేదు. మీ గుమ్మం ముందున్న బియ్యం ఎత్తేయండి. పక్కింటివాళ్ళది కూడా ఎత్తేయండి. ఇక బయట ఏమీ పెట్టద్దు. వీధికి ఒకరు సంచి పట్టుకుని వెళ్ళండి. ఇచ్చారో లేదో చూడద్దు. సంచులు ఎక్కడికి చేర్చాలో తరువాత చెబుతాం. చివరి వాక్యం రాసేటప్పుడు ఎక్కడికో తనకూ తెలియదు. ఆలోచించడానికి టైముంది అనుకున్నాం.

ఆదివారం అమ్మ చర్చిలో ఆ చెల్లెలి కోసం ప్రార్థన చేయమని చీటీ ఇచ్చింది. పేరు రాయలేదు, దేశం రాయలేదు. "మా మేడ మీది అమ్మాయి చెల్లెలు" అని పాస్టరుగారు అందరి ముందూ చదివితే సిగ్గుతో నేను తల వంచుకున్నాను.

సోమవారం పదకొండింటికి లైబ్రరీలో ఉండగా మెసేజి వచ్చింది. వదిలేశారు. ఎందుకు వదిలారో తెలియదు. చాలామందిని తెచ్చి కూర్చోబెట్టడానికి చోటు లేక కావచ్చని వాళ్ళ నాన్న అన్నాడట. మూడు రోజులూ ఒకటే ప్రశ్న అడిగారట, ఎవరు చెప్పారు, ఎవరు చెప్పారు అని. తెలియదు అన్నదట. అది నిజం కాబట్టి మొహంలో ఏమీ కనబడి ఉండదు.

ఆ సాయంత్రం నేను మేడ మీదికి వెళ్ళేసరికి అక్కాచెల్లెళ్ళు ఫోనులో ఉన్నారు. అక్క చెప్పేసింది, రాసేది తనేనని. నేను వెళ్ళేసరికి ఇద్దరూ నవ్వుతూ ఏడుస్తున్నారు. వాళ్ళ భాషలో ఏదో అనుకుని, ఫోను నా చేతికిచ్చింది. "మీతో మాట్లాడాలట."

రైల్లో వస్తూ ఒక ఇంగ్లీషు వాక్యం తయారు చేసుకుని ఉన్నాను. ఆ తప్పు నాకు ముందే తెలుసు, నన్ను క్షమించండి అని. వ్యాకరణం రెండుసార్లు చూసుకున్నాను. తెర మీద మొహం అక్కలాగే ఉంది, కాస్త సన్నగా. గొంతు బొంగురు పోయింది. వెనక గదిలో ఆడవాళ్ళు చాలామంది ఉన్నట్టున్నారు, మాటలు వినబడుతున్నాయి.

"సంచి మాట మీదేనటగా?" అంది.

"మా అమ్మమ్మది. నేను మీకొకటి చెప్పాలి..."

"ఉండండి, ముందు నాకు చెప్పండి," అని ఫోను పక్కకు తిప్పింది. నేల మీద నిలువెత్తు సంచి, మూతి బిగించి కట్టి ఉంది. చుట్టూ ఆడవాళ్ళు నా వైపే చూస్తున్నారు. ఆ తరువాత లైను తెగిపోయింది. ఆ అమ్మాయితో నేను మళ్ళీ మాట్లాడలేదు. చివరిగా వినబడింది ఇదీ:

"మా వీధి సంచి నిండిపోయింది. ఎక్కడికి తీసుకెళ్ళమంటారు?"